అర ఎకరం అమ్మొద్దు మామా, కంపెనీ పెడదాం

పోయిన నెల ఒక రాత్రి పదకొండున్నరకి మా కెమెరావాడు ఫోన్ చేశాడు. "మామా, నాన్న ఒప్పుకున్నాడు. రేపల్లె దగ్గరున్న అర ఎకరం అమ్మేద్దాం అంటన్నాడు. ఈసారి షార్ట్ ఫిల్మ్ కాదు, ఫుల్ సినిమానే తీసేద్దాం" అన్నాడు. వాడి గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. అయినా నాకు కడుపులో తిప్పినట్టయింది. "రేపు మాట్లాడదాం రా" అని పెట్టేశా. ఆ రేపు ఇప్పటిదాకా రాలేదు. ఎదురుగా కూర్చుని చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. నీ సంగతి మ్యాగజైన్‌లో రాస్తానంటే వాడు "రాసుకో, పేరు మాత్రం వద్దు" అన్నాడు. కాబట్టి ఇందులో వాడు కెమెరావాడే.

ముందే చెప్తున్నా, నేను సినిమా వద్దనే బ్యాచ్ కాదు. "ముందు ప్లేస్‌మెంట్ తెచ్చుకో, తర్వాత సినిమా చూసుకుందువు" అనే మాట మా ఇంట్లో రోజూ వినే వాణ్ణే. నేను అనేది ఒక్కటే. మనం సినిమా తీయడం గురించి చాలా మాట్లాడుకుంటాం, సినిమా కంపెనీ పెట్టడం గురించి అస్సలు మాట్లాడుకోం. ఈ రెండూ ఒకటి కాదు. సినిమా తీయడానికి ఒక కథ, కొంత డబ్బు, కాస్త పిచ్చి ఉంటే చాలు. కంపెనీ అంటే మాత్రం మొదటి సినిమా పోయినా రెండోది తీయగలిగేలా ఉండటం. పొలం అమ్మి తీసేది సినిమా. అది పోతే రెండోదానికి అమ్మడానికి ఏమీ ఉండదు.

ముందు మా లెక్క చెప్తా. పోయినేడు నలుగురం కలిసి 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాం. తలా 9,000 వేసుకున్నాం, మొత్తం 36,000. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే ప్యాసింజర్ రైల్లో జరిగే కథ రాసుకున్నాం. తీరా రైల్లో తీయాలంటే రైల్వే వాళ్ల పర్మిషన్ కావాలి, డబ్బు కట్టాలి అని తెలిసింది. దాంతో కథ మొత్తాన్ని స్టేషన్ బయట టీ కొట్టుకి మార్చేశాం. ఒక సీన్ మాత్రం పట్టుబట్టి సూర్యలంక బీచ్‌లో తీశాం. అక్కడ గాలికి డైలాగ్ ఒక్కటీ వినపడలేదు, ఆ సీన్ అంతా మళ్లీ డబ్బింగ్ చెప్పాల్సి వచ్చింది. కెమెరా, లెన్సుల అద్దె మూడు రోజులకి 10,500. సౌండ్ రికార్డింగ్‌కి 6,000. పద్నాలుగు మందికి తిండి, టీలు 8,700. ప్రయాణాలు 3,200. ఎడిటింగ్, డబ్బింగ్ 5,000. హార్డ్ డిస్క్ 4,500. మొత్తం 37,900. అంటే వేసుకున్నది పోగా పైన 1,900 అప్పు. వచ్చిన ఆదాయం సున్నా. నాలుగు వేల చిల్లర వ్యూస్ వచ్చాయి, వాటిలో నావే ఓ యాభై ఉంటాయి.

ఆ లెక్క చూసుకుని మేం ఏడవలేదు. ఎందుకంటే అది పోగొట్టుకోగలిగిన డబ్బు. పండక్కి బట్టలు కొనుక్కోలేదు, ఒక సెమిస్టర్ అంతా బయట బిర్యానీ మానేశాం, అంతే. సొంత డబ్బుతో సినిమా తీయడం అంటే నాకు అర్థమైన కొలత అదే. పోతే బాధపడాలి కానీ ఇల్లు కదలకూడదు.

ఇప్పుడు మన ఊళ్ల సంగతికి వద్దాం. సొంతంగా సినిమా కంపెనీ అనగానే మనకి ఎక్కడో ఇరానీ దర్శకుడో, అమెరికా కుర్రాడో గుర్తొస్తాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య తిరిగే మనకి మన రైలు దారిలోనే ఎన్ని కథలున్నాయో తెలీదు. నాకూ తెలీదు, ఈ గొడవ వల్ల వెతికితే దొరికాయి.

రేపల్లెతో మొదలుపెడతా, ఎందుకంటే మా వాడి పొలం అక్కడే ఉంది. చిత్తూరు నాగయ్య గారు పుట్టింది రేపల్లెలో, 1904లో. ఇంటిపేరులా అతుక్కున్న చిత్తూరు చూసి నేను ఆయన రాయలసీమ మనిషే అనుకునేవాణ్ణి. 1940లలో ఆయన దక్షిణాదిలోనే పెద్ద స్టార్. రేణుకా ఫిల్మ్స్ అని సొంత సంస్థ పెట్టి 1943లో 'భాగ్యలక్ష్మి' తీశారు. తెలుగులో నేపథ్యగానం ఉన్న మొదటి సినిమా అని దాన్ని చెప్తారు. 1946లో 'త్యాగయ్య'కి హీరో, దర్శకుడు, నిర్మాత అన్నీ ఆయనే. అది పెద్ద విజయం. ఆ తర్వాత 1953లో 'నా ఇల్లు', 1964లో 'రామదాసు'. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. కానీ సంపాదించిందంతా దానధర్మాలకీ, సొంత సినిమాలకీ పోయి, 1973 డిసెంబర్‌లో చనిపోయేనాటికి ఆయన ఇబ్బందుల్లో ఉన్నారు.

ఇది చదివి "చూశావా, సినిమా అంటే ఇంతే" అనే పెద్దవాళ్లు ఉంటారు. నాకు అలా అనిపించలేదు. ఆయనలో ప్రతిభ తక్కువ కాదు, జనాదరణ తక్కువ కాదు, నిజాయితీ అసలే తక్కువ కాదు. నాకు కనపడింది ఏంటంటే, ఆయన జేబూ సంస్థ జేబూ ఒకటే. అడిగినవాళ్లకి ఇచ్చేదీ సినిమాకి పెట్టేదీ అదే చెయ్యి. అంత మంచి మనిషికి, తను కాకుండా వేరే ఎవరో "అయ్యా, ఇంతవరకే" అని లెక్క చెప్పాల్సింది అనిపించింది.

తెనాలికి వద్దాం. ఆలూరి వెంకట సుబ్బారావు అంటే ఎవరికీ తెలీదు, చక్రపాణి అంటే తెలుస్తుంది. 1908లో తెనాలిలో పుట్టారు. శరత్ నవలల్ని బెంగాలీ నుంచి తెలుగులోకి తెచ్చిన రచయిత. బి. నాగిరెడ్డి గారితో కలిసి మద్రాసులో 1947 జులైలో 'చందమామ' మొదలుపెట్టారు. ఆ ఇద్దరే విజయా ప్రొడక్షన్స్ పెట్టారు. మొదటి సినిమా 1950లో 'షావుకారు'. ఇప్పుడు క్లాసిక్ అంటాం కానీ అప్పట్లో డబ్బులు రాలేదు. తర్వాతి ఏడాదే 'పాతాళభైరవి' వచ్చింది, ఇక చెప్పేదేముంది. 1954లో భారీగా తీసిన 'చంద్రహారం' దెబ్బకొట్టింది. 1955లో 'మిస్సమ్మ' నిలబెట్టింది. 1957లో 'మాయాబజార్'. ఈ వరసని మళ్లీ ఒకసారి చదవండి. పోయింది, వచ్చింది, పోయింది, వచ్చింది. 'షావుకారు' దగ్గరే చేతులెత్తేసి ఉంటే మనకి మాయాబజార్ లేదు.

వాళ్లు ఎలా తట్టుకున్నారు? నాకు అర్థమైనంతవరకు మూడు కారణాలు. ఒకటి, నాగిరెడ్డి గారికి ప్రెస్ ఉంది, పత్రికలు ఉన్నాయి. అంటే సినిమా కాకుండా వేరే ఆదాయం ఉంది. రెండు, నటుల్నీ టెక్నీషియన్లనీ నెలజీతం మీద పెట్టుకున్నారు కాబట్టి ప్రతి సినిమాకీ బేరం మొదటినుంచి ఆడక్కర్లేదు. మూడు, 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్' లాంటివి తెలుగుతో పాటు తమిళంలోనూ తీశారు. సెట్లు ఒకసారి వేస్తే రెండు మార్కెట్లు. మన భాషలో చెప్పాలంటే ఒకసారి రాసిన కోడ్‌ని రెండు చోట్ల వాడారు.

తెనాలి పక్కనే బుర్రిపాలెం. అక్కడి ఘట్టమనేని కృష్ణ గారి కథ మా వాడికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే వాడు ఎప్పుడూ "కృష్ణ గారు రిస్క్ తీసుకోలేదా?" అంటాడు. తీసుకున్నారు. 'తేనెమనసులు'తో 1965లో హీరోగా వచ్చిన మనిషి, ఐదేళ్లకే తమ్ముళ్లు హనుమంతరావు, ఆదిశేషగిరిరావు గార్లతో పద్మాలయా సంస్థ పెట్టారు. మొదటి సినిమా 1970లో 'అగ్నిపరీక్ష'. ఆడలేదు. మామూలుగా అయితే రెండోది భయపడుతూ తీస్తారు. వీళ్లు 1971లో తెలుగువాళ్లకి కౌబాయ్ టోపీ పెట్టి, రాజస్థాన్ ఎడారికి తీసుకెళ్లి 'మోసగాళ్లకు మోసగాడు' తీశారు. ఆరుద్ర గారు రాశారు, కె.ఎస్.ఆర్. దాస్ గారు దర్శకుడు. హిట్. 1974లో 'అల్లూరి సీతారామరాజు', తెలుగులో మొదటి సినిమాస్కోప్. మధ్యలో దర్శకుడు వి. రామచంద్రరావు గారు చనిపోతే మిగతాది కృష్ణ గారు నడిపించి పూర్తి చేశారు. దాని తర్వాత ఆయనకి వరసగా ఫ్లాపులు పడ్డాయి. అప్పుడు సొంత సంస్థలోనే 'పాడిపంటలు' తీసుకుని 1976 సంక్రాంతికి మళ్లీ లేచారు. 1986లో మొదటి తెలుగు 70 ఎంఎం సినిమా 'సింహాసనం' కూడా సొంత సంస్థదే.

మరి ఇంత రిస్క్ తీసుకున్న మనిషిని చూపించి నేను రిస్క్ వద్దని ఎలా అంటున్నా? ఇక్కడే మా వాడికీ నాకూ తేడా. కృష్ణ గారు ఆ రోజుల్లో బయటి సంస్థలకి ఏడాదికి పదికి పైగా సినిమాలు చేస్తున్నారు. ఒక్క 1972లోనే ఆయనవి 18 సినిమాలు వచ్చాయి. షిఫ్టుల మీద షిఫ్టులు. బయట కూలి చేసుకుంటూ ఇంట్లో జూదం ఆడారు. ఆ జూదం పోతే మళ్లీ బయట పని ఉంది. పైగా సంస్థని చూసుకోవడానికి తమ్ముళ్లు ఉన్నారు. ఒకరు మొహానికి రంగేసుకుంటే ఇంకొకరు లెక్కల పుస్తకం పట్టుకున్నారు. అంటే పెద్ద రిస్క్ తీసుకోవడానికి కూడా వెనక చిన్న చిన్న ఆదాయాల గోడ ఉండాలి. మా వాడి నాన్నకి ఆ గోడ ఆ అర ఎకరమే. గోడనే అమ్మి రిస్క్ తీసుకోవడం కృష్ణ గారు చేసిన పని కాదు.

బాపట్ల ఏమైందంటారా? బాపట్ల కోన ప్రభాకరరావు గారు 1940, 50లలో సినిమాల్లో నటించారు, 'రూపవతి' అనే సినిమాకి దర్శకత్వం వహించారు. తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి అసెంబ్లీ స్పీకర్, ఆర్థికమంత్రి, చివరికి మహారాష్ట్ర గవర్నర్ కూడా అయ్యారు. సినిమా నుంచి బయటికి రావడం కూడా ఒక దారే అని చెప్పడానికి ఆయన్ని గుర్తు చేస్తున్నా. కాకపోతే మన బ్యాచ్‌లో గవర్నర్ అయ్యే లక్షణాలు ఎవరికీ కనపడట్లేదు.

ఇప్పుడు అసలు లెక్క. మా వాడి ప్లాన్ ప్రకారం పొలం మీద 20 లక్షలు, వడ్డీకి 30 లక్షలు, మొత్తం 50 లక్షల్లో సినిమా. టికెట్ 100 రూపాయలు అనుకుందాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల్లోపు టికెట్ మీద జీఎస్టీ 5 శాతం. అది తీసేస్తే 95 మిగులుతుంది. సినిమాకీ ఊరికీ మారుతుంది గానీ, ఉదాహరణకి అందులో సగం థియేటర్‌కి పోయిందనుకుందాం. 47 రూపాయల చిల్లర మిగిలింది. డిస్ట్రిబ్యూటర్ కమీషన్ 20 శాతం అనుకుంటే ఇక మన చేతికి వచ్చేది 38 రూపాయలు. 50 లక్షలు తిరిగి రావాలంటే లక్షా ముప్పై ఒక్క వేల మందికి పైగా టికెట్ కొనాలి. 2011 జనాభా లెక్కల్లో తెనాలి పట్టణం జనాభా దాదాపు లక్షా అరవై ఐదు వేలు. అంటే చంటిపిల్లల్నీ మంచం మీదున్న ముసలివాళ్లనీ కలుపుకుని, తెనాలిలో ప్రతి ఐదుగురిలో నలుగురు హాలుకి వచ్చి మన సినిమా చూడాలి. అప్పుడు లాభం కాదు, అసలు వస్తుంది. పోస్టర్లు, ప్రచారం, థియేటర్లలో డిజిటల్‌గా వేయడానికి ఆ కంపెనీలకి కట్టేది ఇందులో కలపలేదు.

వడ్డీ కూడా కలపలేదు. వందకి రెండు రూపాయల లెక్కన 30 లక్షలకి నెలకి 60,000. షూటింగ్, ఎడిటింగ్, సెన్సార్, రిలీజ్ డేట్ కోసం ఎదురుచూడటం కలిపి ఏడాదిన్నర పడితే వడ్డీనే 10 లక్షల 80 వేలు. మేం తిన్న 8,700 భోజనాల్లాగే ఇదీ ముందు ఎవరూ బడ్జెట్‌లో రాసుకోరు. సొంత డబ్బుతో తీయడానికి ఉన్న అతిపెద్ద లాభం ఇదే అని నాకు ఇప్పుడు అర్థమైంది. సొంత డబ్బు మీద నెల నెలా మీటర్ తిరగదు. సీన్ బాగా రాకపోతే మళ్లీ తీసుకోవచ్చు. అప్పుతో తీసేవాడు క్యాలెండర్ చూసి "ఓకే" చెప్తాడు.

ఓటీటీ ఉంది కదా అంటారు. ఉంది. కానీ స్టార్లు లేని సినిమాని ఓటీటీ ముందే కొనేస్తుందని నమ్మి పొలం అమ్మడం, సిలబస్ లీక్ అవుతుందని నమ్మి చదవకపోవడం లాంటిది. అయితే అదృష్టం, కాకపోతే బ్యాక్‌లాగ్.

జనం దగ్గర చందాలు వసూలు చేద్దాం అని మా ఎడిటర్ ఐడియా. ఈ ఐడియా నాకు నచ్చుతుంది. శ్యామ్ బెనెగల్ గారి 'మంథన్'కి 1976లో గుజరాత్ పాడి రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు ఇచ్చారు. నిర్మాతలూ వాళ్లే, ప్రేక్షకులూ వాళ్లే. కన్నడలో పవన్ కుమార్ 2013లో 'లూసియా'ని సుమారు 110 మంది పెట్టిన డబ్బుతో తీశారు. తెలుగులో 2018లో వచ్చిన 'మను' కూడా క్రౌడ్ ఫండింగ్ సినిమానే. కానీ దీనికీ రూల్స్ ఉన్నాయి. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో 200 మందికి మించి సభ్యులు ఉండకూడదు, షేర్లు కొనమని ఊరందరికీ ప్రకటన ఇవ్వకూడదు. "డబ్బు పెట్టండి, లాభంలో వాటా ఇస్తాం" అని ఇన్‌స్టాలో పోస్ట్ పెడితే లైకులతో పాటు నోటీసు కూడా రావచ్చు. ఊరికే ఇష్టంతో ఇచ్చే విరాళం వేరు, లాభం ఆశ చూపి తీసుకునేది వేరు. ఈ తేడా తెలియకుండా సీనియర్ల దగ్గర డబ్బు తీసుకుంటే, రేపు అలుమ్ని మీట్‌లో తల ఎత్తుకోలేం.

మరి ఏం చేద్దామంటావు, అని మా వాడు కోపంగా అడుగుతాడని తెలుసు. నా దగ్గర ప్లాన్ ఉంది.

ముందుగా, సినిమా లేకుండా కంపెనీ మొదలుపెడదాం. మన నలుగురికీ పద్దెనిమిది దాటాయి కాబట్టి ఎల్ఎల్‌పీ రిజిస్టర్ చేయించుకోవచ్చు. దానికి కనీసం ఇద్దరు భాగస్వాములు చాలు. టర్నోవర్ 40 లక్షలూ, మనం పెట్టిన పెట్టుబడి 25 లక్షలూ దాటనంతవరకు ఆడిట్ తప్పనిసరి కాదు. ఏటా ఫారాలు మాత్రం వేయాలి, వ్యాపారం లేకపోయినా వేయాలి, లేకపోతే జరిమానా. దీనివల్ల పెద్ద ఉపయోగం, కంపెనీ అప్పు కంపెనీ వరకే ఆగుతుంది, ఇంటి దాకా రాదు. కానీ గుర్తుపెట్టుకో, అప్పు తెచ్చేటప్పుడు మీ నాన్న హామీ సంతకం పెట్టాడంటే ఆ రక్షణ ఆయనకి ఉండదు. కాబట్టి నాన్నల సంతకాలు లేని డబ్బే వాడదాం.

తర్వాత, మన ప్రెస్ ఏదో వెతుక్కుందాం. నాగిరెడ్డి గారికి ప్రెస్ ఉంది, కృష్ణ గారికి బయటి సినిమాలు ఉన్నాయి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మించిన ప్రవీణ పరుచూరి గారు అమెరికాలో డాక్టర్. ఆ ఊరి జనాన్నే నటులుగా పెట్టి తీసిన సినిమా వెనక ఒక డాక్టర్ జీతం ఉంది. మనకి పెళ్లిళ్లు ఉన్నాయి. నవ్వకండి. మా షార్ట్ ఫిల్మ్ చూసిన ఒక సీనియర్ అక్క తన పెళ్లి వీడియో మాకు ఇచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. రెండిటికీ కలిపి 24,000 వచ్చాయి, 1,900 అప్పు తీరింది. పైగా పెళ్లిలో తాళి కట్టేది ఒక్కసారే, రీటేక్ ఉండదు. మా కెమెరావాడు ఫోకస్ నేర్చుకుంది షార్ట్ ఫిల్మ్‌లో కాదు, ఆ పెళ్లి పందిట్లో. కొట్లకి, హోటళ్లకి, కోచింగ్ సెంటర్లకి చిన్న యాడ్లు కూడా ఉన్నాయి. తెనాలి బజార్లో ఒక రౌండ్ వేస్తే అడిగేవాళ్లు దొరుకుతారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. వచ్చిన ప్రతి రూపాయిలో సగం తాళం వేసి పెడదాం. అది రెండో సినిమా డబ్బు. మొదటి సినిమా క్లైమాక్స్‌కి డ్రోన్ షాట్ కావాలని ఎవరు ఏడ్చినా దాన్ని ముట్టకూడదు. దర్శకుడు నేనే కాబట్టి ఎక్కువ ఏడ్చేది నేనే. అందుకే తాళం నా దగ్గర వద్దు. లెక్కలు మా సౌండ్ చూసే అమ్మాయి దగ్గర ఉండాలి, ఎందుకంటే ఆ 37,900 లెక్క పైసాతో సహా రాసింది తనొక్కతే. ఎవరి వాటా ఎంత, మధ్యలో వెళ్లిపోతే ఏంటి, గొడవైతే కథ ఎవరిది, ఇవన్నీ స్నేహంగా ఉన్నప్పుడే కాగితం మీద రాసుకుందాం. గొడవయ్యాక ఎవరూ రాయలేరు.

దీనికి మా వాడు చెప్పే జవాబు కూడా నాకు తెలుసు. ఎందుకంటే మొన్న క్యాంటీన్‌లో చెప్పనే చెప్పాడు. "ఇట్టా లెక్కలేసుకుంటా కూర్చుంటే ముప్పై ఏళ్లొస్తాయి మామా. అప్పటికి నువ్వు హైదరాబాద్‌లో ఈఎంఐలు కట్టుకుంటా ఉంటావు. పెళ్లి వీడియోలు తీస్తా తీస్తా పెళ్లి వీడియో వాడిగానే మిగిలిపోతాం." ఈ మాట నన్ను గుచ్చింది. ఇందులో నిజం ఉంది. చాలామంది అలాగే ఆగిపోయారు. జాగ్రత్త అనే పేరుతో భయాన్ని దాచుకోవడం నాకు బాగా వచ్చు, ఆ విషయం నాకు తెలుసు. పొలం లేని ఇంట్లో పుట్టిన నేను పొలం గురించి ఇన్ని మాటలు చెప్పడం కూడా కొంచెం తేలికే.

అందుకే ఈ ప్లాన్‌కి నేను కూడా ఒక తేదీ పెడుతున్నా. ఫైనల్ ఇయర్ అయిపోయేలోపు కంపెనీ డబ్బుతో, ఎవరి ఇంటి డబ్బూ లేకుండా, గంటన్నర సినిమా షూటింగ్ మొదలుపెట్టాలి. తాళం వేసిన సగం ముట్టకుండా మిగతా సగంలో ఎంత ఉంటే అంతలో. మూడు లక్షలుంటే మూడు లక్షల సినిమా. ఒకే ఇల్లు, ఐదుగురు మనుషులు, పగటి వెలుతురు. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో 'ఎల్ మరియాచి'ని దాదాపు 7,000 డాలర్లలో తీశాడు, అందులో కొంత మందుల ప్రయోగాలకి తన ఒంటిని ఇచ్చి సంపాదించాడు. మనం అంతదాకా వెళ్లక్కర్లేదు. కానీ డబ్బు ఎంతుందో ముందు చూసుకుని దానికి సరిపడా కథ రాయడం తప్పు కాదు. రైలు కథని టీ కొట్టు కథగా మార్చినప్పుడు మనకి బాధ అనిపించింది గానీ, ఆ షార్ట్ ఫిల్మ్‌లో అందరూ బాగుందన్నది ఆ టీ కొట్టు సీనే.

ఆ తేదీకి నేను మొదలుపెట్టకపోతే, అప్పుడు నీ మాటే నిజమని అందరి ముందూ ఒప్పుకుంటా. ఈ మ్యాగజైన్‌లోనే రాస్తా.

మామా, ఇంకొక్క విషయం. పోయిన ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు మీ నాన్న నన్ను గట్టు మీదకి తీసుకెళ్లాడు. నువ్వు ఫోన్ మాట్లాడుకుంటా వెనకున్నావు. మినుము ఎలా వచ్చిందో చూపించి, "మావోడికి నిజంగా చేతనవుద్దంటావా బాబూ?" అని అడిగాడు. నేను అవుద్ది అంకుల్ అన్నా. అది అబద్ధం కాదు. కానీ ఆయన అడిగింది పొలం గురించి కాదు, నీ గురించి. పొలం అమ్మడానికి ఆయన ఒప్పుకుంది సినిమా మీద నమ్మకంతో కాదు రా, నీ మీద ప్రేమతో. ఆ ప్రేమని బడ్జెట్ షీట్‌లో రాబడి కింద రాయడం నాకు చేతకావట్లేదు.

ఎల్లుండి శనివారం సాయంత్రం బాపట్ల స్టేషన్ దగ్గర కలుద్దాం. ఎడిటర్‌నీ, మన లెక్కల మేడంనీ కూడా రమ్మన్నా. కంపెనీకి పేరు పెట్టాలి. నీ దగ్గరేమన్నా పేరుంటే తీసుకురా. మీ నాన్నకి మాత్రం ఈ రాత్రే చెప్పు, పొలం బేరం ఆపమని.